ఆటోరిమూవ్ తీసేసిన లైబ్రరీ, రీబూట్ దాకా బయటపడని లోపం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఉబుంటు 24.04 సర్వర్‌లో, ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉంచుకునే పైథాన్ డైరెక్టరీ) లోపల, ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే పైథాన్ లైబ్రరీని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడానికి లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1-డెవ్ ప్యాకేజీని, ఉబుంటులో ప్యాకేజీలను ఎక్కించి తీసివేసే ఆప్ట్ అనే పనిముట్టుతో ఇన్‌స్టాల్ చేశారు. బిల్డ్ ముగిశాక, సర్వర్ మీద అనవసరమైన సామాను ఎందుకని ఆ ప్యాకేజీని రిమూవ్ చేసి, ఆప్ట్ సూచించినట్టుగానే అనవసరమైన ప్యాకేజీలను ఏరి తీసే ఆటోరిమూవ్ కమాండ్ కూడా నడిపారు. సర్వీసు నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. రీబూట్ చేయగానే, లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి.ఎస్‌ఓ.1 అనే ఫైలును తెరవలేకపోతున్నానని చెప్పి ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయింది. డెవ్ ప్యాకేజీని మళ్ళీ ఎక్కిస్తే పనిచేస్తోంది. వాడుకలో ఉన్న లైబ్రరీని ఆప్ట్ ఎలా తీసేసింది, డెవ్ ప్యాకేజీలను సర్వర్ మీద ఉంచుకోక తప్పదా అన్నవి మీ సందేహాలు.

ఉంచుకోనక్కరలేదు. ఆప్ట్ తప్పు చేయలేదు కూడా. దానికి తెలిసిన లెక్క ప్రకారం ఆ లైబ్రరీతో ఎవరికీ పని లేదు. మీ ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆ లెక్కలో ఎక్కనే లేదు కాబట్టి ఇబ్బంది వచ్చింది. ఇకపై కమాండ్‌లను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టుకోండి.

మొదట ఆ ఒక్క ఇన్‌స్టాల్ కమాండ్‌తో ఏమేమి వచ్చాయో చూడండి. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1-డెవ్ అన్నది హెడర్ ఫైళ్ళ ప్యాకేజీ. సీ కంపైలర్‌కు, లింకర్‌కు కావలసినవి అందులో ఉంటాయి. అది తనతోపాటు సరిగ్గా అదే వెర్షన్‌లోని లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1.1ను కోరుతుంది, లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2-డెవ్‌ను కూడా కోరుతుంది. ఆ రెండోది లిబ్‌ఐసీయూ-డెవ్‌ను, అది ఐసీయూ-డెవ్‌టూల్స్‌ను వెంటబెట్టుకుని వస్తాయి. మీరు పిలిచింది ఒక్కరినే అయినా బంధువర్గమంతా దిగింది. వీటన్నిటిలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు నిజంగా అవసరమయ్యేవి డెవ్ అనే తోక లేని రెండే: లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1.1, లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2. మిగిలినవి బిల్డ్ సమయానికి మాత్రమే కావాలి. ఈ తేడా ఫైలు పేర్లలోనే కనిపిస్తుంది. యూఎస్‌ఆర్ కింద లిబ్ డైరెక్టరీలో, మీ ప్రాసెసర్ పేరుతో ఉన్న ఉపడైరెక్టరీలోకి వెళ్ళి చూస్తే, చివర అంకె లేని లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి.ఎస్‌ఓ అనే సిమ్‌లింక్ (ఇంకొక ఫైలును చూపే పేరు) డెవ్ ప్యాకేజీది, దాన్ని లింకర్ వాడుకుంటుంది. చివర 1 ఉన్న లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి.ఎస్‌ఓ.1 రన్‌టైమ్ ప్యాకేజీది, ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ డైనమిక్ లోడర్ వెతికేది దీన్నే. మీ ఎర్రర్‌లో వచ్చిన పేరు చివర 1 ఉంది. అంటే మీకు లోపించింది రన్‌టైమ్ ప్యాకేజీయే. డెవ్ ప్యాకేజీని మళ్ళీ ఎక్కించినప్పుడు పని జరిగింది కూడా అది రన్‌టైమ్‌ను వెనక్కి తెచ్చినందువల్లే.

ఇక ఆప్ట్ లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. ఉబుంటుకు మూలమైన డెబియన్ ప్రాజెక్టు 1993లో మొదలైంది, ప్యాకేజీలను డిస్క్ మీద ఎక్కించే దాని పనిముట్టు డీపీకేజీ ఆ మరుసటి ఏడాది వచ్చింది. డీపీకేజీకి ఏ ప్యాకేజీలో ఏ ఫైళ్ళు ఉన్నాయి, దానికి ఇంకే ప్యాకేజీలు కావాలి అన్నంతవరకు తెలుసు. కావలసినవి ఎక్కడినుంచో తెచ్చి వరుసలో ఎక్కించే పని తరువాత వచ్చిన ఆప్ట్‌ది. ఆప్ట్ దీనికి తోడు ఇంకొక చిన్న చిట్టా రాసుకుంటుంది. వార్, లిబ్, ఆప్ట్ డైరెక్టరీల వరుసలో ఎక్స్‌టెండెడ్ స్టేట్స్ అనే ఫైలు ఉంటుంది. పేరు పెట్టి మీరు అడిగిన ప్యాకేజీ మాన్యువల్. మరొక ప్యాకేజీ కోసం దానంతట అదే వచ్చినది ఆటో. ఆటో గుర్తు ఉన్న ప్యాకేజీని, మాన్యువల్ ప్యాకేజీలలో ఏదీ నేరుగా గాని, గొలుసుగా గాని కోరకపోతే, అది ఇక అనవసరమని ఆప్ట్ తీర్మానిస్తుంది. మీ విషయంలో లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1.1 ఆటో గుర్తుతో వచ్చింది. దాన్ని కోరుతున్న ఏకైక ప్యాకేజీ ఆ డెవ్. దాన్ని మీరే తీసేశారు. పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే పిప్ బిల్డ్ చేసిన ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ మీ హోమ్ డైరెక్టరీలో ఎక్కడో ఒక ఎస్‌ఓ ఫైలుగా కూర్చుని ఉంది. అది ఈ లైబ్రరీ మీద ఆధారపడిందని ఆప్ట్‌కు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

మరి నాలుగు రోజులు ఎలా నడిచింది? లినక్స్‌లో ఒక ఫైలును చెరిపినా, అప్పటికే దాన్ని మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ప్రాసెస్‌కు అది అందుబాటులోనే ఉంటుంది. డైరెక్టరీలో పేరు పోతుంది, డిస్క్‌లోని డేటా మాత్రం ఆ ప్రాసెస్ ముగిసేదాకా పోదు. మీ సర్వీసు పాత లైబ్రరీని పట్టుకుని అలాగే నడిచింది. రీబూట్ తరువాత కొత్తగా వెతికితే పేరే లేదు. ఈ రకం లోపం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే కారణానికీ ఫలితానికీ మధ్య వారాలు గడిచిపోవచ్చు. నాకు ఒకసారి ఏకంగా నలభై రోజులు గడిచాయి. సోర్స్ నుంచి కంపైల్ చేసి యూఎస్‌ఆర్ లోకల్ కింద పెట్టిన ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడడానికి లిబ్‌పీక్యూ5ను వాడేది. ఎవరికీ అక్కర్లేదనుకుని ఆ సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ క్లయింటును తీసేసిన వాణ్ణి నేనే, వెనకాల హైఫన్ వై (అడగకుండానే సరేననే ఆప్షన్) పెట్టి ఆటోరిమూవ్ కొట్టిన వాణ్ణీ నేనే. నెలాఖరు రాత్రి కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేశాక, సర్వర్ లేచింది గాని ప్రోగ్రామ్ లేవలేదు. తెల్లవారేదాకా అందరం డేటాబేస్‌నే అనుమానించాము. అప్పటినుంచి సర్వర్ మీద రిమూవ్‌కు గాని, ఆటోరిమూవ్‌కు గాని హైఫన్ వై పెట్టడం మానేశాను.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. డెవ్ ప్యాకేజీ ప్రస్తుతం మళ్ళీ ఎక్కి ఉంది కాబట్టి రన్‌టైమ్ కూడా ఉంది. దాన్ని తీయకముందే, మీ ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ నిజంగా ఏయే లైబ్రరీల మీద ఆధారపడిందో చూసుకోండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో లిబ్, పైథాన్3.12, సైట్-ప్యాకేజెస్, ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే వరుసలోకి వెళితే ఈట్రీ అనే పేరుతో మొదలై ఎస్‌ఓతో ముగిసే ఫైలు కనబడుతుంది. ఒక ఫైలుకు కావలసిన లైబ్రరీలను చూపే ఎల్‌డీడీ కమాండ్‌ను దాని మీద నడపండి. వచ్చే వరుసలలో లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి.ఎస్‌ఓ.1, లిబ్‌ఈఎక్స్‌ఎస్‌ఎల్‌టి.ఎస్‌ఓ.0, లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2.ఎస్‌ఓ.2 అన్న మూడూ ఉంటాయి. లైబ్రరీ లేనప్పుడు ఇదే కమాండ్ ఆ పేరు ఎదురుగా నాట్ ఫౌండ్ అని చూపిస్తుంది. రీబూట్ కోసం ఎదురు చూడనక్కరలేకుండా లోపాన్ని ముందే పట్టుకునే ఉపాయం ఇదే. ఒక్క జాగ్రత్త: ఎల్‌డీడీ మీరు నమ్మే ఫైళ్ళ మీదే నడపాలి, ఎక్కడో దొరికిన ప్రోగ్రామ్ మీద నడపకూడదు, ఎందుకంటే కొన్ని సందర్భాలలో అది ఆ ఫైలులోని కోడ్‌ను నడిపే ప్రమాదం ఉంది.

తరువాత, ఏ ఫైలు ఏ ప్యాకేజీదో డీపీకేజీ హైఫన్ పెద్ద ఎస్‌తో అడగండి. ఇక్కడ చాలామంది తడబడతారు. ఎల్‌డీడీ చూపే దారి స్లాష్ లిబ్‌తో మొదలవుతుంది. ఆ దారిని ఉన్నదున్నట్టు డీపీకేజీకి ఇస్తే అలాంటిదేదీ లేదంటుంది. ఇప్పటి ఉబుంటులో స్లాష్ లిబ్ అన్నది యూఎస్‌ఆర్ కిందున్న లిబ్‌కు సిమ్‌లింక్ మాత్రమే, డీపీకేజీ దగ్గర రాసుకున్నది యూఎస్‌ఆర్‌తో మొదలయ్యే దారి. అందుకని దారి వదిలేసి, లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి.ఎస్‌ఓ.1 అని ఫైలు పేరు ఒక్కటే ఇవ్వండి. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1.1 అని జవాబు వస్తుంది.

ఆ పేరును మాన్యువల్‌గా గుర్తించండి: సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1.1. అది లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2ను తానే కోరుతుంది కాబట్టి ఈ ఒక్క గుర్తు చాలు. అయినా ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ రెండింటినీ నేరుగా వాడుతోంది కాబట్టి రెండో పేరును కూడా చేర్చడం నాకు అలవాటు. ఇన్‌స్టాల్ కమాండ్‌కు ఆ పేరు ఇచ్చినా ఇదే ఫలితం. అప్పటికే ఉన్న ప్యాకేజీని పేరు పెట్టి అడిగితే ఆప్ట్ దాన్ని మాన్యువల్‌గా మార్చానని ఒక వరుసలో చెబుతుంది. ఈ వరుసను ఎవరూ చదవరు గాని దీనివల్ల ఇంకొక చిక్కు వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెవ్ ప్యాకేజీలు రెండింటి పేర్లూ కొట్టే వాళ్ళు చాలామంది ఉంటారు. అప్పుడు రెండూ మాన్యువల్ అవుతాయి. తరువాత ఒకదాన్ని తీసేస్తే రెండోది, దాని వెనుక ఐసీయూ పరివారం, ఆటోరిమూవ్ ఎన్నిసార్లు నడిపినా కదలవు. మీ దగ్గర ఇప్పుడు మాన్యువల్‌గా ఏవేవి ఉన్నాయో ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ చూపిస్తుంది. ఆ జాబితాలో తోక డెవ్ అని ఉన్నవాటిని ఒకసారి తీరికగా చూడండి.

ఇక తీసివేత. ముందు ఉత్తుత్తి పరీక్ష చేయండి: ఆప్ట్-గెట్ హైఫన్ ఎస్ ఆటోరిమూవ్ లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1-డెవ్. చిన్న ఎస్ అంటే సిమ్యులేషన్, దీనికి సుడో కూడా అక్కరలేదు, దేన్నీ ముట్టుకోదు. ఆటోరిమూవ్‌కు పేరు ఇస్తే ఆ ప్యాకేజీతో పాటు దానివల్ల అనాథలైనవాటిని కూడా ఒకే విడతలో చూపిస్తుంది. తీసేయబోయేవి అన్న శీర్షిక కింద మీకు కనబడవలసినవి ఆ డెవ్ ప్యాకేజీలు, ఐసీయూ-డెవ్‌టూల్స్, అంతే. అందులో లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి1.1 ఉంటే గుర్తు సరిగా పడలేదని అర్థం. పాత కెర్నల్ ప్యాకేజీలు కనిపిస్తే భయపడనక్కరలేదు, నడుస్తున్న కెర్నల్‌ను ఆప్ట్ కాపాడుతుంది. జాబితా మీరు అనుకున్నట్టుగానే ఉంటే ఎస్ తీసేసి సుడోతో నడపండి, వెంటనే ఎల్‌డీడీ మళ్ళీ చూడండి, సర్వీసును రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకుండా పని అయిందనుకోకండి.

కొన్నిసార్లు ఎవరికీ అక్కరలేదనిపించే ఆటో ప్యాకేజీ కూడా జాబితాలో రాదు. ఇన్‌స్టాల్ అయి ఉన్న ఇంకేదో ప్యాకేజీ దాన్ని రికమెండ్ గాని, సజెస్ట్ గాని చేస్తూ ఉంటే ఆటోరిమూవ్ దాన్ని మామూలుగా వదిలేస్తుంది. ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్‌కు హైఫన్ హైఫన్ ఇన్‌స్టాల్డ్ జోడించి అడిగితే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. పోతే, రిమూవ్ బదులు పర్జ్ వాడాలా అని చాలామంది అడుగుతుంటారు. పర్జ్ చేసే అదనపు పని ఈటీసీ కిందున్న కాన్ఫిగ్ ఫైళ్ళను కూడా తీసివేయడం. ఉత్త లైబ్రరీ ప్యాకేజీలకు సాధారణంగా అలాంటి ఫైళ్ళే ఉండవు కాబట్టి మీకు ఇక్కడ తేడా కనబడదు. డేటాబేస్, వెబ్ సర్వర్ వంటివాటికి మాత్రం పర్జ్ అనే ముందు రెండుసార్లు ఆలోచించండి.

అసలు ఈ బిల్డ్ మీకు అవసరమా అన్నది నా అనుమానం. పైథాన్ ప్యాకేజీల భండారమైన పైపీఐలో ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు ముందే బిల్డ్ చేసి తయారుగా ఉన్న వీల్ ఫైళ్ళు ఉంటాయి. వాటిలో లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2, లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి లోపలే కలిపేసి ఉంటాయి, సిస్టమ్ లైబ్రరీతో పనే లేదు. మామూలు ఇంటెల్ సర్వర్ మీద పిప్ ఇన్‌స్టాల్ అంటే వీల్ రావాలి. సోర్స్ నుంచి బిల్డ్ అయిందంటే, రిక్వైర్‌మెంట్స్ ఫైలులో ఎవరో నో-బైనరీ (వీల్ వద్దు) అని పెట్టి ఉండాలి, లేదా మీరు అడిగిన పాత వెర్షన్‌కు పైథాన్ 3.12 వీల్ లేకపోయి ఉండాలి. ప్రత్యేక కారణమేదీ లేకపోతే వీల్‌కు మారండి. లేదా ఆప్ట్ ద్వారానే పైథాన్3-ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ పెట్టుకోండి. అప్పుడు ఆ ఆధారం ఆప్ట్ చిట్టాలోకి ఎక్కుతుంది, మార్క్ చేయవలసిన పనే ఉండదు. ఆప్ట్ ప్యాకేజీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో కనబడాలంటే దాన్ని సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ అనే ఆప్షన్‌తో సృష్టించుకోవాలి.

పిప్‌తో తీసివేత గురించి కూడా రెండు మాటలు. పిప్‌కు ఆప్ట్ లాంటి ఆటో గుర్తు లేదు. రిక్వెస్ట్స్ లైబ్రరీని ఎక్కిస్తే దానితో యూఆర్‌ఎల్‌లిబ్3, ఐడీఎన్‌ఏ, సర్టిఫై, చార్‌సెట్-నార్మలైజర్ వస్తాయి. పిప్ అన్‌ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్ అంటే రిక్వెస్ట్స్ ఒక్కటే పోతుంది, మిగతా నాలుగూ అక్కడే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరుతూ కూర్చోవడం కన్నా, రిక్వైర్‌మెంట్స్ ఫైలును సరిచేసుకుని, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ డైరెక్టరీనే చెరిపి మళ్ళీ సృష్టించడం మేలు. ఈ సౌకర్యం సుడో పిప్‌తో లేదు. డెబియన్ 12లోను, ఉబుంటు 23.04 నుంచీ, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఎక్కించబోతే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అని అడ్డుపడుతుంది. దాన్ని దాటించే బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనే ఆప్షన్ ఉంది గాని, పేరులోనే హెచ్చరిక ఉంది, ఆ హెచ్చరిక నిజం.

సోర్స్ బిల్డ్ తప్పదనుకుంటే, ఇలాంటి సర్వర్లు మీకు ఒకటికంటే ఎక్కువ ఉంటే, ఒక్కో దానిలో మార్క్ చేసుకుంటూ పోకండి. దీనికి ఈక్వివ్స్ అనే పనిముట్టు ఉంది. దానితో లోపల ఏమీ లేని ఒక చిన్న ప్యాకేజీ తయారుచేసి, డిపెండ్స్ వరుసలో మీ ప్రోగ్రామ్‌కు కావలసిన రన్‌టైమ్ లైబ్రరీల పేర్లు రాయండి. ఆ ప్యాకేజీ ఎక్కించినచోటల్లా అవి నిలుస్తాయి, దాన్ని తీసేసిన రోజున అవీ అనాథలై ఆటోరిమూవ్‌లో వస్తాయి. ఏ లైబ్రరీ ఎందుకు ఉందో మీ తరువాత వచ్చేవాళ్ళకు కూడా తెలుస్తుంది.

పాత మార్గదర్శకాలు చూసి పేర్లు కొట్టేటప్పుడు ఒకటి గమనించండి. 24.04లో కొన్ని రన్‌టైమ్ ప్యాకేజీల పేర్లు మారాయి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 ఇప్పుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64. 32 బిట్ల కాలమానం 2038 జనవరి 19న నిండిపోతుంది కాబట్టి, 64 బిట్లకు మారిన లైబ్రరీలకు ఆ టీ64 అనే తోక తగిలించారు. డెవ్ ప్యాకేజీ పేరు మాత్రం లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్‌గానే ఉంది. ఈ డెవ్ ప్యాకేజీలు రన్‌టైమ్‌ను సరిగ్గా అదే వెర్షన్‌లో కోరతాయని పైన చెప్పాను. సెక్యూరిటీ అప్‌డేట్‌తో రన్‌టైమ్ ముందుకు వెళ్ళి, మీ దగ్గర ప్యాకేజీల జాబితా పాతదై ఉంటే, లేదా అప్‌డేట్స్ రిపాజిటరీని ఎవరో ఆపేసి ఉంటే, విరిగిన ప్యాకేజీలు పట్టుకుని కూర్చున్నారని ఆప్ట్ నిందిస్తుంది. అప్పుడు ఫోర్స్ ఆప్షన్‌ల జోలికి పోకండి. ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఆప్ట్-క్యాష్ పాలసీతో రెండు ప్యాకేజీల వెర్షన్లూ పక్కపక్కన చూస్తే చిక్కు ఎక్కడుందో ఐదు నిమిషాలలో తెలుస్తుంది. రిపాజిటరీల వివరాలు 24.04లో సోర్సెస్.లిస్ట్.డీ కిందున్న ఉబుంటు.సోర్సెస్ అనే ఫైలులోకి మారాయి, పాత ఫైలులో వెతికితే దొరకవు.

రన్‌టైమ్ ప్యాకేజీని మాన్యువల్‌గా గుర్తించినా, ఆ రక్షణ ఈ ఉబుంటు విడుదల ఉన్నంతవరకే. లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 2.14 వెర్షన్‌తో దాని ఎస్‌ఓ అంకె 2 నుంచి 16కు మారింది. ఆ వెర్షన్ ఉన్న విడుదలకు సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేస్తే మీ బిల్డ్ వెతికే ఎస్‌ఓ.2 అక్కడ ఉండదు. అప్పుడు పైథాన్ వెర్షన్ కూడా ఎలాగూ మారుతుంది కాబట్టి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను మొదటినుంచి కట్టుకోవలసిందే.

ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు పనిచేసేవాళ్ళు ఇది చదువుతుంటే: అక్కడ డీఎన్‌ఎఫ్ రిమూవ్ అన్నప్పుడే అనవసరమైన ఆధారాలు కూడా ఆ విడతలోనే పోతాయి, ఆటోరిమూవ్ అని వేరే కొట్టనక్కరలేదు. కాబట్టి మీరు జాబితాను ఇంకా ముందే చదవాలి.

మీ సర్వర్‌లో ఆ రోజు ఇంకేమైనా పోయిందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి వార్, లాగ్, ఆప్ట్ కింద హిస్టరీ.లాగ్ తెరవండి. ప్రతి విడతకూ మొదలైన సమయం, ఎవరు ఏ కమాండ్ కొట్టారు, ఏవి వచ్చాయి, ఏవి పోయాయి అన్నది వరుసగా ఉంటుంది. ఇన్‌స్టాల్ అన్న వరుసలో వెర్షన్ పక్కన ఆటోమేటిక్ అన్న మాట ఉన్నవే దానంతట అవి వచ్చినవి. నెల దాటితే పాత లాగ్ కుదించి పక్కన పెట్టబడుతుంది, దాన్ని జడ్‌క్యాట్‌తో చదవవచ్చు. మీరు ఆటోరిమూవ్ నడిపిన తేదీ దగ్గర రిమూవ్ వరుసను తీసుకుని, అందులో డెవ్ తోక లేని పేర్లను మీ సర్వర్‌లో చేత్తో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ల ఎల్‌డీడీ ఫలితాలతో పోల్చి చూడండి. ఆ రోజు తరువాత రీస్టార్ట్ కాని సర్వీసు ఏదైనా ఇంకా నడుస్తూ ఉంటే, ముందు దానితో మొదలుపెట్టండి.